వాపసు అర్జీ

1986 మార్చి ఆరు, గురువారం. మజీదాకు ఆ తేదీ గుర్తుండిపోయింది. ఆ మధ్యాహ్నం కామారెడ్డి బస్టాండులో ఒకే మూట విప్పి, తనూ తోడొచ్చిన పెద్దావిడా జొన్నరొట్టె, ఉల్లికారం తిన్నారు. ఆ పెద్దావిడను మజీదా ఆపా, అంటే అక్క, అని పిలుస్తుంది. ఇద్దరూ చేతులు కడుక్కుని రాజయ్య వకీలు గదికి వచ్చేసరికి, ఆయన ఒక తెల్లకాగితం ముందుకు తోశాడు.

“ఇక్కడ వేలిముద్ర ఎయ్యమ్మా. రాసేది తర్వాత రాసుకుంట.”

“రాసినంక ఏస్తా సాబ్.”

వకీలు కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకున్నాడు. పొద్దుటి నుంచి ఆమె పదకొండో మనిషి.

“ఏంది, నా మీద నమ్మకం లేదా?”

“నమ్మకమున్నది. కాగితం మీద ఏమున్నదో నాకు తెల్వాలె గద. రాసి, చదివి వినిపియ్యుండ్రి. వాయిదా కాగితం వద్దు. కేసు వాపసు తీస్కునే కాగితం రాయుండ్రి.”

కలం అందుకోబోతున్న ఆయన చెయ్యి ఆగిపోయింది. ఎల్లారెడ్డిలోని ఇంట్లో వెనక రెండు గదుల కోసం మజీదా భర్త ఘనీ వేసిన దావా అది, చనిపోయిన తన అన్న జమీర్ భార్య సాబేరా మీద. తొమ్మిదేళ్లయింది. రెండేళ్ల కిందట ఘనీ కూడా పోయాడు. దావా మజీదా పేరు మీదికి వచ్చింది.

“గెలిచే కేసమ్మా! వచ్చే నెల తీర్పు. సాబేరా సామాను బజార్ల పడుతది. గిప్పుడు వాపసా?”

“అవును సాబ్.”

“ఘనీ ఉంటే గిట్ల చేస్తుండెనా?”

“చెయ్యకపోతుండె. ఆయన లేడు. కేసు నాది.”

వకీలు ఆపా వైపు తిరిగాడు. “నువ్వన్న చెప్పవమ్మా నీ దోస్తుకు.”

“నేనేం చెప్పాలె సాబ్?” బుర్ఖా ముసుగులోంచి నెమ్మదిగా అంది ఆపా. “కేసు ఆమెది.”

“ఆ సాబేరా సంగతి మీకు తెల్వది. జవాబు కాగితంల ఎన్ని అబద్ధాలు రాయించిందో! ఉత్త గయ్యాళి.”

“మస్తు గయ్యాళి,” అంది ఆపా. “నేను గూడ విన్న.”

మజీదా తల దించుకుంది.

“ఆమె గిట్ల బెదిరించిందా నిన్ను?” వకీలు ఆమెనే చూస్తూ అడిగాడు.

“ఎవలు బెదిరియ్యలే. అలిసిపోయిన సాబ్. తారీఖు తారీఖుకు బస్సెక్కుడు, దినమంతా ఈడ కూసునుడు, మళ్ల ఉత్తగ పోవుడు. ఇగ నాతోని కాదు.”

“ఒక్కసారి వాపసు తీస్కుంటే మళ్ల ఎయ్యరాదు. తెలుసా?”

“గందుకే తీస్కుంటున్న.”

“ఈ మాటలన్ని ఎవలు నేర్పిన్రు నీకు?”

“మీరే. రెండేండ్ల సంది మీ అరుగు మీదనే కూసుంటున్న. కేసు నడిపేది వకీలు, నడపాల్నా వద్దా అనేది పార్టీ అని మొన్న దోమకొండ పటేలుకు చెప్పలేదా?”

రాజయ్యకు నవ్వొచ్చింది. గుమాస్తాను పిలవకుండా తనే కూర్చుని రాశాడు. చదివి వినిపించాడు. “మళ్లొక్కసారి” అంటే మళ్లీ చదివాడు, ఈసారి ఆపాకు కూడా వినపడేలా గొంతు పెంచి. మజీదా వేలిముద్ర వేశాక, సిరా తుడుచుకోమని తన చేతిరుమాలు ఇచ్చాడు.

“సోమవారం జడ్జిగారి ముందు అవునని చెప్పు. అయిపోతది.”

“మా ఇంటి కాగితాలు గూడ ఇయ్యుండ్రి సాబ్.”

ఆయన కట్ట విప్పి, ఒక్కొక్కటీ సరిచూసి చేతికిచ్చాడు.

ఎల్లారెడ్డిలో బస్సు దిగేసరికి పొద్దుగూకింది. ఇంటికొచ్చి మజీదా చాప మీద వాలిపోయింది. కాళ్లు గుంజుతున్నాయి.

“తలుపేసి రా ఆపా,” అంది.

సాబేరా బుర్ఖా ముసుగు తీసి, మెల్లగా తలుపు మూసింది.