బాప్తిస్మం సాక్ష్యం

తన పొలానికి నీళ్లు పారే పంటబోదెలో కాళ్లు కడుక్కుందని, కులం పేరుతో తిట్టి చెయ్యి విరగ్గొట్టిన కామందు మీద రిబ్కా ఎస్సీ చట్టం కింద కేసు పెట్టింది. తెనాలి కోర్టులో ఆ రోజు కామందు తరఫున పిలిపించిన సాక్షి ఆమె సొంత అన్న, చెరుకుపల్లి పాస్టరు అంద్రెయ.

"ఈవిడకి బాప్తిస్మం ఇచ్చింది మీరేనా?" కామందు లాయరు అడిగాడు.

"అవునండి. నేనేనండి."

క్రైస్తవంలోకి మారినవాళ్లకు ఆ చట్టం వర్తించదన్నారు జడ్జిగారు. కేసు వీగిపోయింది.

కోర్టు మెట్ల దగ్గర అంద్రెయ చెల్లెలి ముందు తల వంచుకున్నాడు. "దేవుడి మీద ప్రమాణం చేసి అబద్ధం ఎట్టా చెప్పేదమ్మా?"

"నీ కొడుకు కులం సర్టిఫికెట్టు కోసం, మనం హిందువులమేనని ఎమ్మార్వో ముందు నాతో చెప్పించావు. బిడ్డల కోసం అబద్ధం ఆడితే దేవుడు క్షమిస్తాడన్నావు. నా చెయ్యి విరిగినప్పుడే ఆయనకి నిజం కావాల్సొచ్చిందా అన్నా?"