మొదటి బిళ్ళ

“ఆ బిళ్ళ తీసిన చెయ్యి పడిపోను” అంది అత్తగారు, పసిదాన్ని భుజాన వేసుకుని వీపు నిమురుతూ.

“అలా అనకండి అత్తయ్యా” అంది కోడలు.

ఆమె గుమ్మంలో కూర్చుని బూట్లు దులుపుతోంది. గడ్డి కోర్టు మీద టెన్నిస్ ఆడే బూట్లు, అడుగున చిన్న చిన్న బుడిపెలుంటాయి. మూడేళ్ళ కిందట వాటితోనే కప్పు గెలిచింది. ఆ కప్పులో ఇప్పుడు పాలసీసా మూతలున్నాయి.

“అనక? అంతమంది ఉండగా ఆ ఒకటో నంబరు పిల్ల పక్కన నీ బిళ్ళే పడాలా? అసలీ సీడింగు ఏ మహానుభావుడు కనిపెట్టాడో.”

సీడింగంటే ఏమిటో అత్తగారికి చెప్పింది కోడలే. గొప్పవాళ్ళు మొదట్లోనే ఒకళ్ళనొకళ్ళు ఓడించేసుకుంటే చివర్లో చూడ్డానికి ఏమీ మిగలదు. అందుకని వాళ్ళను ముందే దూరదూరంగా కూర్చోబెడతారు. మిగిలినవాళ్ళకు తలా ఒక అంకె. ఆ అంకెలను ఇత్తడి బిళ్ళల మీద ఉబ్బెత్తుగా పోతపోసి, సంచీలో వేసి తీస్తారు. మొదట బయటికొచ్చిన బిళ్ళ ఆటల పట్టికలో ఒకటో సీడ్ పక్క గడిలో పడుతుంది. మొదటిరోజే, పెద్ద కోర్టులో, అందరి కళ్ళముందూ ఆమెతో ఆట.

“అంటే వాళ్ళకు కుర్చీలు, మనకు సంచీ” అని అప్పుడే తేల్చేసింది అత్తగారు.

నిజానికి కోడలికీ ఒక కుర్చీ ఉండాలి. కానీ కడుపుతో ఉన్నన్నాళ్ళూ, కన్నాకా ఆడలేదు కాబట్టి ర్యాంకు పాతాళానికి పోయింది. కమిటీ పెద్దాయన దగ్గరికి వెళ్ళి అడిగింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ మాట్లాడాడు.

“రూలు రూలేనమ్మా. అయినా కన్న ఒళ్ళు, వరసగా రెండు మ్యాచ్‌లు ఆడితే కూలబడతావు. వేడుకలకు పిలుస్తాం, వచ్చి నలుగురికీ కనబడు. ఆటలెందుకు ఇంకా?”

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. అందులో సగం నిజమని తెలిసి ఇంకా మండింది. ఒక్క మ్యాచ్‌కి సరిపడా ఊపిరి తన దగ్గరుంది. రెండోదానికి ఉంటుందని తనే హామీ ఇవ్వలేదు. ఈసారి మొదటి మ్యాచ్‌లోనే తేలిపోతే, వచ్చే ఏడు సంచీలో తన బిళ్ళ కూడా ఉండదు.

బిళ్ళలు తీసిన మర్నాడు పొద్దున పెద్దాయన ఫోన్ చేశాడు. గొంతులో జాలి కారిపోతోంది.

“అదృష్టం బాగోలేదు, ఏం చేస్తాం. మడమ బెణికిందని ఒక్క ముక్క చెప్పు. గౌరవంగా తప్పుకోవచ్చు.”

“నా మడమ బాగానే ఉందండీ.”

“మొండితనం పనికిరాదమ్మా.”

“మరి ఏది పనికొస్తుందండీ?”

ఆయన ఫోన్ పెట్టేశాడు. అత్తగారు వంటింట్లోంచి తొంగిచూసింది.

“తప్పుకుంటావా ఏంటి?”

“లేదత్తయ్యా.”

“తప్పుకున్నావంటే నా చేతిలో అయిపోతావు. దీనికి పాలు తీసిపెట్టడం మర్చిపోకు.”

మ్యాచ్ రోజు వచ్చింది. పెద్ద కోర్టు గడ్డి మీద ఇంకా ఎవరి అడుగూ పడలేదు. పచ్చగా, చెమ్మగా ఉంది. ఒకటో సీడ్ చెవుల్లో పాటలు పెట్టుకుని తాపీగా వచ్చింది. నెట్ దగ్గర, ఇంటికి పోయేవాళ్ళను పలకరించినట్టు పలకరించింది.

“పాప ఎలా ఉందక్కా?”

“ఆకలితో ఉంది. తొందరగా వెళ్ళాలి” అంది కోడలు.

మొదటి సెట్ తడబాటులోనే పోయింది. చాలాకాలమైంది మరి. జనం అప్పుడే సంచులు సర్దుకుంటున్నారు.

రెండో సెట్లో ఆమె బంతిని అడుగున కోసి వదలడం మొదలుపెట్టింది. చెమ్మ గడ్డిమీద పడ్డ బంతి పైకి లేవకుండా జర్రున జారిపోయింది. ఒకటో సీడ్ నడుం వంచాల్సి వచ్చింది. ఆ పిల్లకు అలవాటు లేని పని అది. ఇంకొన్ని రోజులు పోతే ఈ గడ్డి అరిగి నేల తేలుతుంది. బంతి భుజం ఎత్తున లేస్తుంది. అప్పుడా పిల్లను ఆపడం ఎవరి తరమూ కాదు. కానీ ఇది మొదటిరోజు.

రెండో సెట్ చేతికొచ్చింది. మూడోదాంట్లో కోడలు ప్రతి పాయింటు తర్వాతా నడుం మీద చేతులేసుకుని ఊపిరి కూడదీసుకుంది. చొక్కా ముందుభాగం పాలతో తడిసింది. తువాలు అందుకోబోయి మానేసింది. చూసేవాళ్ళను చూడనీ అనుకుంది.

చివరి బంతి కూడా జారింది. దానికోసం సాగిన ఒకటో సీడ్ గడ్డిమీద బోర్లా పడింది.

పెద్దాయన చప్పట్లు కొట్టుకుంటూ వచ్చాడు. “అదృష్టం కలిసొచ్చిందమ్మా.”

“మొన్న బాగోలేదన్నారుగా” అని, ఆమె ఆగకుండా లోపలికి నడిచింది.

లోపల పసిది ఆవురావురుమంటూ తల్లి రొమ్ము అందుకుంది. అత్తగారు కోడలి కుడిచెయ్యి ఒళ్ళోకి తీసుకుని నొప్పుల మందు రాస్తోంది. కళ్ళు తుడుచుకోవడానికి కూడా ఆ చెయ్యి వదల్లేదు.

“ఈ చెయ్యి నూరేళ్ళు చల్లగా ఉండాలి” అంది. “ఆ బిళ్ళ తీసిన చెయ్యి మాత్రం...”

“వద్దత్తయ్యా” అంది కోడలు.

మాజీ విజేతతో బిళ్ళలు తీయించే ఆనవాయితీ ప్రకారం ఆరోజు సంచీలోకి దూరి, ఉబ్బెత్తు అంకెలను ఒక్కొక్కటే తడుముతూ, తన బిళ్ళ తగిలేదాకా వెతికిన చెయ్యి కూడా అదే.