వసపిట్ట

"నా కూతురు మూగదని తేల్చిన మహానుభావుడు ఎవరండీ?"

తలుపు తోసుకుని వచ్చిన ఆవిడను చూసి స్కూల్ కౌన్సెలర్ కుర్చీలోంచి సగం లేచాడు. బస్సు కండక్టర్ యూనిఫాం, భుజాన టికెట్ల సంచి. డ్యూటీ మధ్యలో దిగి నేరుగా ఇటే వచ్చినట్టుంది.

"కూర్చోండమ్మా. మూగ అని ఎవరూ అనలేదు. అంతర్ముఖి అన్నాం. ఐదో తరగతి పిల్లలందరికీ వ్యక్తిత్వ పరీక్ష పెట్టాం. కలుపుగోలుతనంలో మీ పాప అందరికన్నా అడుగున ఉంది."

"అడుగున ఉంటే? వేరే సెక్షన్లోకి తోసేస్తారా? నాటకాలూ, ఉపన్యాసాలూ అన్నీ ఆ గదిలో పిల్లలకి. నోరు లేనివాళ్లు ఈ గదిలో మూల కూర్చోవాలి. అంతేగా?"

"తోసెయ్యడం కాదమ్మా. ఎవరి గుణాన్ని బట్టి వాళ్లకి చదువు చెబుదామని. మనిషి స్వభావంలో ముఖ్యంగా ఐదు గుణాలుంటాయి. వాటిని కొలవచ్చు."

"కొలవడానికి అదేమన్నా గుడ్డ ముక్కా? గజం తక్కువైందని పక్కన పడేస్తారా?" ఆవిడ సంచి తీసి బల్ల మీద ఠపీమని పెట్టింది. "ఇంట్లో దాన్ని ఏమని పిలుస్తామో తెలుసా? వసపిట్ట! నేను డ్యూటీ దిగి గుమ్మంలో కాలు పెట్టడం ఆలస్యం, మొదలు. నోట్లో ముద్ద ఉన్నా కబుర్లు ఆగవు. నిద్రొచ్చి కళ్లు వాలిపోతున్నా నాలుక వాలదు. దానికా మీరు నోరు లేదంటున్నారు?"

కౌన్సెలర్ ఓపిగ్గా నవ్వాడు. ఆ నవ్వుకి ఆవిడకి మరింత మండింది.

"తల్లులందరూ ఇలాగే అంటారమ్మా. కానీ గుణం అనేది ఇంట్లో ఒకలా, బడిలో ఒకలా ఉండదు. మనిషి ఎక్కడికెళ్తే అక్కడికి వెంట వస్తుంది. ఏడాదంతా మీ పాప క్లాసులో తనంతట తాను నోరు విప్పలేదని టీచర్లే చెప్పారు. పరీక్షలోనూ అదే తేలింది."

"అయితే పిలిపించండి దాన్ని! మీ ఎదురుగానే తేలిపోనివ్వండి."

కౌన్సెలర్ ఆయాను క్లాసుకి పంపించాడు. ఇంతలో తండ్రి వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్. చేతుల గ్రీజు కూడా తుడుచుకోకుండా పరిగెత్తుకొచ్చాడు.

"మా అమ్మాయి మాట్లాడదా? ఎవరన్నారు సార్? ఒక్క పూట మా ఇంటికొచ్చి కూర్చోండి, చెవులకి దూది అడుగుతారు."

ఇద్దరూ రెండు వైపులా చేరేసరికి కౌన్సెలర్ నుదురు తుడుచుకున్నాడు. "ఆవేశపడకండి. ఇందులో తప్పేం లేదు. ఇలాంటి గుణాలు కొంతవరకు తల్లిదండ్రుల నుంచే వస్తాయి. మీ ఇద్దరిలో ఎవరైనా కాస్త తక్కువ మాట్లాడే..."

"ఇంకెవరు, ఈయనే!" అంది ఆవిడ ఠక్కున. "ఈయన నోట్లోంచి ఒక మాట తవ్వి తియ్యాలంటే గునపం కావాలి."

"నీ పక్కన ఉన్నవాడికి మాట్లాడే సందు దొరికితేగా?"

"సందు దొరికితే ఏం మాట్లాడతారో నాకు తెలీదా? మా అన్నయ్య ఇంటికి రానని చెప్పినప్పుడు బాగానే పెగిలిందిగా గొంతు!"

"మళ్లీ అదే తీశావా? నలుగురిలో పరువు తియ్యకుండా ఉండలేవా?"

"పరువు సంగతి మీరు మాట్లాడుతున్నారా?"

"అమ్మా... సార్... ఒక్క నిమిషం" అన్నాడు కౌన్సెలర్. ఎవరికీ వినపడలేదు. వరండాలో నడుస్తున్న టీచరొకావిడ ఆగి, లోపలికి తొంగి చూసి, గబగబా వెళ్లిపోయింది.

గుమ్మంలో పాప నిలబడి ఉంది. రెండు జడలు, ఇంకు అంటిన వేళ్లు. అమ్మ ముఖం చూసింది. నాన్న ముఖం చూసింది. ఒక్క ఉదుటున ఇద్దరి మధ్యకీ వచ్చేసింది.

"అమ్మా, అమ్మా, ఇవాళ ఏమైందో తెలుసా! మా లెక్కల సార్ కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని క్లాసంతా వెతికారు నాన్నా! బల్ల కింద కూడా దూరారు. ఇదిగో, ఇలాగ!"

అంటూనే కౌన్సెలర్ బల్ల కిందకి దూరి, రెండు చేతులతో నేల తడుముతూ లెక్కల సార్ గొంతుతో సణిగింది. తండ్రి పెదవి కాస్త సడలింది. పాప ఊపిరి తీసుకోలేదు. అక్కణ్ణించి డ్రిల్లు టీచర్ ఈల మింగబోయిన కథకి, అక్కణ్ణించి కిటికీలోంచి వచ్చి చాక్‌పీసు ఎత్తుకుపోయిన కాకి కథకి దూకింది. కాకి నడక నడిచి చూపించింది. తండ్రి ఫక్కున నవ్వేశాడు. తల్లి కోపమంతా మరిచి నవ్వు ఆపుకోలేక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

కౌన్సెలర్ నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు.

"విన్నారా?" ఆవిడ ఛాతీ పొంగింది. "ఇదేనా మీ అంతర్ముఖి? కన్నతల్లికి తెలీదా కూతురి గుణం? మీ ఐదు గుణాలూ మీ దగ్గరే పెట్టుకుని, రేపటి నుంచి దాన్ని దాని సెక్షన్లోనే కూర్చోబెట్టండి!"

"తప్పకుండా కూర్చోబెడతానమ్మా. నేనే పొరబడ్డాను." ఆయన కుర్చీ దిగి పాప ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "ఇంత బాగా మాట్లాడతావే! మరి క్లాసులో నోరెందుకు విప్పవు తల్లీ? ఎవరైనా భయపెడుతున్నారా?"

"చెప్పవే" అంది తల్లి చేతులు నడుముకి ఆనించుకుని. "నిన్ను అంతగా భయపెడుతున్నది ఎవరో చెప్పు. వాళ్ల సంగతి ఇప్పుడే తేలుస్తాను."

పాప తల అడ్డంగా ఊపింది.

"భయమేం లేదు సార్. క్లాసులో ఎవరూ పోట్లాడుకోరు కదా... అక్కడ నేను మాట్లాడకపోయినా ఏం కాదు."