పాత మోడల్

కంప్యూటర్ మళ్లీ ఆగిపోయింది.

స్క్రీన్ మీద మరమగ్గం చాలావరకు గీసి ఉంది. మిగిలింది ఒక్క గీత కూడా ముందుకు జరగడం లేదు. వాసుదేవ్ గడియారం చూశాడు. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది.

నాలుగింటికి పుణె నుంచి ఇంజనీరు వస్తాడు. తువ్వాళ్లు నేసే పాత మరమగ్గం, ఆరు వందల నలభై పార్టులూ కొలతలతో సహా, స్క్రీన్ మీద బిగిసి కనిపించాలి. కనిపిస్తే అలాంటివి ఇరవై చేసే పని మేనమామ అంబాదాస్ వర్క్‌షాపుకు వస్తుంది. లేకపోతే కుంఠా నాకా కూడలిలో ఆ షట్టరు దిగినట్టే. మగ్గం తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. దాని వివరాలు ఎక్కడా లేవు, ఈ కంప్యూటర్‌లో తప్ప.

కంప్యూటర్‌ను వర్క్‌షాపుదాకా మోసుకెళ్లడం కుదరక, వాడలోని ఇంట్లోనే పని పెట్టుకున్నారు. ఇరవై రోజులైంది. ఇంకా ముప్పై ఒక్క పార్టులు మిగిలాయి.

అంబాదాస్ గడపలోంచి తొంగిచూశాడు.

"ఏందిరా అల్లుడా, మళ్ల బంద్ పడ్డదా?"

"గరమైంది మామా. పంకా ఇటు తిప్పు."

అంబాదాస్ తిప్పాడు. "యాది తక్కువైందేమో. ఇంకింత ఎక్కియ్యరాదా?"

"యాది మస్తున్నది. కాని పాత మోడల్. పెంచనీకి రాదు."

"మరి కొత్తది తెద్దామా?"

"కొత్తదానికి ఏం ఎరుక? దీంట్ల ఉన్నదంత దాంట్లకు ఎక్కియ్యాలె. ఇరవై దినాల సంది గదే చేస్తున్న."

"తంబాకు దుమ్ముకు ఖరాబైతదేమోరా."

"దానికి అలవాటే."

వాసుదేవ్ తన క్యాడ్ కోర్సు పుస్తకం తెరిచాడు. పెద్ద మెషీన్లు గీసేటప్పుడు కంప్యూటర్ నెమ్మదిస్తే ఏం చేయాలో అందులో వరసగా ఉంది. అన్నీ ఒకేసారి అడగవద్దు. ముక్కలు చేసుకుని అడగండి.

ముక్కలు చేశాడు. ముందు క్రాంకు దగ్గరివి. అవి పూర్తయ్యాకే అంచు డిజైను తీసే డాబీవి. కంప్యూటర్ కదిలింది.

నట్లు, బోల్టులు, వాషర్లు పక్కన పెట్టండి. పెట్టాడు. వేగం పెరిగింది. రెండున్నరకు పన్నెండు పార్టులే మిగిలాయి.

నడుస్తున్న ఇతర పనులన్నీ ఆపేయండి. అదీ నిజమే. కంప్యూటర్ పొద్దున్నించి ఇంకో పని కూడా చేస్తూనే ఉంది. వాసుదేవ్ దాన్ని ఆపేశాడు.

అంతే. నూలు చుట్టే బీమ్ దగ్గర కంప్యూటర్ మొత్తానికే ఆగిపోయింది. ఏం అడిగినా జవాబు లేదు.

మూడుంబావు అయింది. అంబాదాస్ దగ్గరికొచ్చాడు.

"ఒకటి కొట్టి చూడరాదా? మన రేడియో గట్లనే మోగుతది."

"నీదే కద మామా. నువ్వే కొట్టు."

అంబాదాస్‌కు ధైర్యం చాలలేదు.

రెండున్నర దాకా బాగానే నడిచింది కదా, ఆ తర్వాత నేనేం మార్చాను, అనుకున్నాడు వాసుదేవ్. పుస్తకం మూసేశాడు. ఆపిన ఆ రెండో పనిని మళ్లీ నడిపించాడు. ఏ పుస్తకమూ చెప్పని పని అది.

రెండు నిమిషాల్లో బీమ్ కొలత వచ్చింది. ఆ వెంటనే మిగతావి. కీబోర్డు మీద వాసుదేవ్ వేళ్లే వెనకబడ్డాయి.

నాలుగింటికి ఇంజనీరు వచ్చాడు. మరమగ్గం స్క్రీన్ మీద మెల్లగా ఒక చుట్టు తిరిగింది. ఆయన సంచిలోంచి పాత డాబీ పార్టు తీసి, స్కేలు పెట్టి కొలిచి, స్క్రీన్ మీది అంకెలతో పోల్చాడు. ఒక్క నూలు తేడా లేదు.

"పని మీదే" అని అంబాదాస్‌కు చేయి అందించాడు. తర్వాత వాసుదేవ్ వైపు తిరిగాడు. "ఇంత పని చేసింది, మంచి కంప్యూటరే."

"పాత మోడలే సార్" అన్నాడు వాసుదేవ్ వినయంగా.

అప్పుడు గోడవారన, ముప్పై ఏళ్లు వర్క్‌షాపులో ఫిట్టర్లకు పార్టులు అందించి, ప్రతి కొలతా నోటికే చెప్పి, వాడ మొత్తంతో 'కంప్యూటర్' అనిపించుకున్న మల్లమ్మ, చుడుతున్న బీడీని చాటలో పడేసి, "పాత మోడలన్నది ఎవడ్రా?" అని మనవణ్ణి అడిగింది.