ముందు జాగ్రత్త

ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారని వినగానే, పాల పాకెట్లు తెచ్చి ఫ్రిజ్ నిండా తేదీల వారీగా సర్దాను. "మీరూ కొని పెట్టుకోండి" అని ఛానల్‌లో వీడియో పెట్టాను. నా వీడియోల్లో చేతులు, ఫ్రిజ్ తప్ప ముఖం కనపడదు.

సాయంత్రం కొత్తిమీర కోసం కొట్టుకు వెళ్లాను. అక్కడ చంటిపిల్లతో ఒకమ్మాయి బతిమాలుతోంది.

"ఒక్క పాకెట్టు చూడండి బాబాయ్‌గారూ, పాప పోతపాలే తాగుద్దండి."

"లేదమ్మా. ఎవరో పనీపాటా లేనావిడ వీడియోలో చెప్పిందంట, అంతా ఎగబడి పట్టుకుపోయారు."

"అలాంటివాళ్లకి బుద్ధుండాలండీ!" అన్నాను గట్టిగా.

ఆ అమ్మాయిని ఇంటికి తీసుకెళ్లి ఫ్రిజ్ తెరిచాను. పాకెట్లు అందుకోబోతూ ఆగిపోయింది.

"ఆంటీ, ఈ ఫ్రిజ్‌ని ఎక్కడో చూశానండి."