వెచ్చటి నీళ్ల తొట్టి

"పెద్ద చేపలేవమ్మా?" అన్నాడు ప్రొఫెసర్, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ తొట్టిలోకి చూస్తూ.

ల్యాబులో తొట్లు రెండు. రెండింటిలోనూ ఒక తల్లి పిల్లలే. చల్లనీళ్లలో పెరిగినవి మూరెడేసి ఉన్నాయి. వెచ్చటి నీళ్లలోవి ఒక్కటీ జానెడు దాటలేదు. సముద్రం వేడెక్కితే చేపలేమవుతాయన్నది ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి థీసిస్. ఈరోజు ఆయన సంతకం పెట్టకపోతే ఇన్నేళ్ల చాకిరీ నీళ్లపాలే.

"అదే సార్ నేను చెప్పేది. నీళ్లు వేడెక్కితే ప్రాణవాయువు తగ్గుతుంది. పెద్ద ఒంటికి అది చాలదు. చిన్నవే బతికి బట్టకడతాయి."

"మరి చచ్చినవి పైకి తేలాలిగా?"

"చిన్నవి తినేసి ఉంటాయి సార్."

"ముల్లు కూడా మిగల్చకుండానా? ఎవరైనా పట్టుకుపోతున్నారేమో చూసుకున్నావా?"

"ఛాన్సే లేదు సార్. ఎప్పుడూ నేనుంటాను. నేను క్లాసు చెప్పడానికి వెళ్తే, క్యారియర్ తెచ్చిన మా అత్తయ్య కూర్చుంటారు. చీమ కూడా దూరదు."

స్టూలు మీదున్న అత్తగారు అవునన్నట్టు గట్టిగా తలూపింది.

ప్రొఫెసర్ నమ్మకం లేనట్టే వెచ్చటి తొట్టి మీద చెయ్యి ఆడించాడు. చేపలన్నీ ఒక్కుదుటున అవతలి మూలకు పారిపోయి, ఒకదాని వెనక ఒకటి నక్కాయి.

"చూశారా సార్, చెయ్యి నీడ పడితే హడలిపోతున్నాయి. చల్లనీళ్లలోవి అసలు పట్టించుకోవు. వేడికి వీటి స్వభావమే మారిపోయింది."

ప్రొఫెసర్ మొహం చేటంత అయింది. "ఒళ్లు తగ్గింది, ఈత మారింది, గుణం కూడా మారింది. ఇది పరిణామమమ్మా, మన కళ్లముందే జరుగుతోంది. మనిద్దరి పేర్ల మీదా అచ్చేయిద్దాం. నా పేరు ముందు. భోంచేసి, చెయ్యి కడుక్కుని సంతకం పెట్టేస్తాను."

ఆ అమ్మాయికి సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది. అత్తగారు క్యారియర్ విప్పి సార్‌కి కొసరి కొసరి వడ్డించింది. ఆయన లొట్టలేసుకుంటూ తిన్నాడు.

"కూర అదిరిందమ్మా. మా బజార్లో అన్నీ వేలెడంత చేపలే. ఇంతింత ముక్కలు మీకెక్కడ దొరికాయి?"

"బజారెందుకు బాబూ, మా కోడలు పెంచినవే," అంది అత్తగారు సిగ్గుపడుతూ. "ఇంకా పెద్దవి ఆ రెండో తొట్టిలో ఉన్నాయి గానీ, ఆ చల్లనీళ్లలో చెయ్యి పెడితే నా వేళ్లు కొంకర్లు పోతున్నాయి."