వాషింగ్ మెషీన్ మీద ఫిర్యాదు

పరిశోధనా కేంద్రం తరఫున ఇరుగుపొరుగు ఫిర్యాదులు వినే కర్టిస్, తనంతట తానే వచ్చి తలుపు తట్టడం వెర్నాకి వింతగా తోచింది.

“మీ వాషింగ్ మెషీన్ గురించి వచ్చానండీ,” అన్నాడతను నసుగుతూ. “అది తిరిగినప్పుడల్లా భూమి కింద మా పరికరం అదురుతోంది. ప్రయోగం పాడవుతోంది.”

“అయ్యో పాపం. పక్కన ఎవరైనా నడిచినా దానికి తెలిసిపోతుందని మొన్న మాకు చూపిస్తూ మురిసిపోయావుగా.”

“కొత్త మెషీన్ మేమే కొనిస్తామండీ.”

“ఎందుకు నాయనా? మీ కూలింగ్ టవర్ హోరుకి నిద్ర పట్టట్లేదని ఏళ్ల తరబడి మొత్తుకుంటే నువ్వేమన్నావు?”

కర్టిస్ నేల చూపులు చూశాడు. “కొలిచి చూశాం, హద్దు దాటలేదన్నాను.”

“నేనూ కొలిచాను. దాటలేదు. ఇంకా బాధగా ఉంటే మా ఫిర్యాదుల కోసం మీ కేంద్రం నెలనెలా పెట్టే మీటింగుకి రా. మాట్లాడ్డానికి మూడు నిమిషాలిస్తారు. కుకీలు కూడా పెడతారు.”

అతను కారెక్కాక వెర్నా మెషీన్ మూత తీసింది. లోపల బట్టల్లేవు. పిన్నులు పడగొట్టే ఆటలో మొగుడు వాడిన, ఇనప గుండంత బరువున్న పాత బౌలింగ్ బంతి ఒక్కటే ఉంది. దాన్ని ముద్దుగా తుడిచి, మళ్లీ లోపల పెట్టి స్విచ్ వేసింది.